సాక్షి దొంగే... సాక్ష్యం మాత్రం నిజం!

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరి ఆ ఇంటిదొంగే పోలీసుల దగ్గరికెళ్లి మిగతా దొంగలను పట్టిస్తే? పట్టిస్తున్నంత కాలమూ తన చేతివాటం తాను చూపించుకుంటూనే ఉంటే? అలాంటివాడు చెప్పింది నమ్మాలా, వద్దా?

2009 సెప్టెంబరులో అమెరికాలో విడుదలైన ‘ది ఇన్‌ఫార్మెంట్!’ సినిమా మొత్తం ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతుంది. దర్శకుడు స్టీవెన్ సోడర్‌బర్గ్. ప్రధాన పాత్రధారి మ్యాట్ డామన్. చూస్తున్నంతసేపూ నవ్వొస్తుంది గానీ కట్టుకథేమీ కాదు. న్యూయార్క్ టైమ్స్ విలేకరి కర్ట్ ఐకెన్‌వాల్డ్ 2000లో రాసిన పుస్తకం దీనికి ఆధారం. పేరు చివరి ఆశ్చర్యార్థకం మాత్రం సినిమావాళ్లు తగిలించింది. కథ తెలిశాక ఆ గుర్తు ఎందుకో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మేత బస్తాలో మోసం

ఇల్లినాయ్ రాష్ట్రంలో డెకేటర్ అనే పట్టణం. మొక్కజొన్న, సోయా కొని రకరకాల సరుకులుగా మార్చి అమ్మే ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ కంపెనీకి అప్పట్లో అదే కేంద్రం. ఏడీఎం అంటారు. అందులో ఒక విభాగానికి అధిపతి మార్క్ విటేకర్. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన జీవరసాయన శాస్త్రవేత్త. 1992 నాటికి వయసు 35. పెద్ద జీతం, పెద్ద ఇల్లు, కార్లు... దేనికీ లోటు లేదు.

ఆ విభాగం తయారు చేసే ముఖ్యమైన సరుకు లైసిన్. కోళ్లు, పందులు తొందరగా ఎదగడానికి మేతలో కలిపే అమైనో ఆమ్లం. నామక్కల్ నుంచి తణుకు దాకా కోళ్ల ఫారాలు నడిపేవారికి ఈ పేరు కొత్త కాదు. మొక్కజొన్న ఎక్కువగా ఉండే దాణాలో లైసిన్ చాలదు, విడిగా కలపాల్సిందే. అంటే దాని ధర పెరిగితే ఆ భారం మేత బస్తా మీద, అక్కడి నుంచి రైతు మీద, చివరికి మాంసం కొనే ఇంటి మీద పడుతుంది.

ఏడీఎం, జపాన్ కంపెనీలు అజినొమోటో, క్యోవా హక్కో, దక్షిణ కొరియాకు చెందిన మరికొన్ని సంస్థలు... లోకం దృష్టిలో ఇవన్నీ పోటీదారులు. హోటల్ గదుల్లో మాత్రం అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎవరు ఎన్ని టన్నులు అమ్మాలి, ఏ ధరకు అమ్మాలి అన్నది ముందే పంచుకున్నారు. కుమ్మక్కు కుదిరిన కొన్ని నెలల్లోనే లైసిన్ ధర సుమారు 70 శాతం పెరిగింది. పోటీదారుడే మిత్రుడు, కొనేవాడే శత్రువు... ఇదీ ఆ గదుల్లో వినిపించిన వ్యాపారనీతి.

భార్య మాట విని...

ఈ గుట్టు బయటపడిన తీరే విచిత్రం. 1992లో డెకేటర్ ప్లాంటులో లైసిన్ ఉత్పత్తి పదేపదే దెబ్బతింటోంది. అజినొమోటో మనిషి ఒకడు లోపల చేరి చెడగొడుతున్నాడని, డబ్బిస్తే వాడి పేరు చెబుతామని తనకు ఫోనొచ్చిందని విటేకర్ యాజమాన్యానికి చెప్పాడు. కంపెనీ ఎఫ్‌బీఐని పిలిచింది. ఏజెంటు బ్రయాన్ షెపర్డ్ వచ్చాడు. ఆ ఫోన్ కథ పచ్చి అబద్ధం. అబద్ధం పట్టుకోవడానికి వచ్చిన ఏజెంటుకే నవంబరులో ఒక రాత్రి విటేకర్ పెద్ద నిజం చెప్పేశాడు. నువ్వు చెప్పకపోతే నేనే చెబుతానని భార్య జింజర్ పట్టుబట్టడమే అందుకు కారణం.

ఆ తర్వాత రెండున్నరేళ్లకు పైగా విటేకర్ ఎఫ్‌బీఐ కోసం పనిచేశాడు. ఒంటికి రికార్డరు కట్టుకుని, బ్రీఫ్‌కేసులో మరొకటి పెట్టుకుని సమావేశాలకు వెళ్లాడు. గదిలో పెట్టిన టేబుల్ ల్యాంపులో కెమెరా దాచారు. 200కు పైగా టేపులు పోగయ్యాయి. 1995 జనవరిలో అట్లాంటాలో జరిగిన సమావేశంలో ఖాళీ కుర్చీలు చూసి, ఇది ఫలానా కొనుగోలుదారుడికి, ఇది ఎఫ్‌బీఐకి అని పెద్దమనుషులు జోకులేసుకున్నారు. ఆ జోకులు కూడా టేపుకెక్కాయి.

1995 జూన్ 27న ఎఫ్‌బీఐ కంపెనీ మీద దాడి చేసింది. 1996 అక్టోబరులో ఏడీఎం నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్లు జరిమానా కట్టింది. అమెరికా పోటీ చట్టాల కింద అప్పటిదాకా పడిన నేర జరిమానాల్లో అదే పెద్దది.

అబద్ధాల పుట్ట

కథ ఇక్కడితో ఆగితే విటేకర్ హీరో. కానీ దాడి జరిగిన కొద్ది వారాలకే కంపెనీ ఇంకో కాగితాల కట్ట బయటపెట్టింది. దొంగ బిల్లులు సృష్టించి, విదేశీ ఖాతాల్లోకి మళ్లించి, విటేకర్ దాదాపు 90 లక్షల డాలర్లు కాజేశాడని తేలింది. అందులో కొంత, ఒంటికి ఎఫ్‌బీఐ రికార్డరు కట్టుకుని తిరుగుతున్న రోజుల్లోనే! తనను నడిపిస్తున్న ఏజెంట్లకు కూడా ఈ సంగతి చెప్పలేదు. పైవాళ్లంతా జైలుకెళ్తే కంపెనీ పగ్గాలు తన చేతికే వస్తాయని కూడా అతను నమ్మాడు.

ఇదంతా సోడర్‌బర్గ్ హాస్యంగా తీశాడు. డామన్ ఒళ్లు పెంచి, మీసం పెట్టి, అమాయకపు నవ్వు పులుముకుని విటేకర్‌గా మారిపోయాడు. మాట్లాడేది ఒకటి, మనసులో నడిచేది ఇంకొకటి. కీలకమైన సంభాషణ జరుగుతుంటే అతని బుర్ర ధ్రువపు ఎలుగుబంటి ముక్కు దగ్గరో, నెక్‌టైల దగ్గరో తిరుగుతుంటుంది. తాను జేమ్స్‌బాండ్‌కు రెట్టింపు తెలివైనవాడినని, అందుకే తన నంబరు 0014 అని చెప్పుకుంటాడు. కాజేసిన సొమ్మెంత అని అడిగితే మాటమాటకూ అంకె పెరిగిపోతుంది. ఏజెంట్లు, లాయర్లు తల పట్టుకుంటారు. ప్రేక్షకుడి పరిస్థితీ అదే. ఇంతసేపూ తనకు కథ చెబుతున్న గొంతే అబద్ధాలాడుతోందని అతనికి ఆలస్యంగా తెలుస్తుంది.

సినిమా గొప్పతనం ఇక్కడే ఉంది. గుట్టు విప్పినవాడి కథ అంటే సాధారణంగా హాలీవుడ్ ఒక అచ్చు వాడుతుంది. సిగరెట్ కంపెనీ రహస్యాలు బయటపెట్టిన జెఫ్రీ విగాండ్ మీద మైకేల్ మాన్ 1999లో తీసిన ‘ది ఇన్‌సైడర్’ అలాంటిదే. అందులో మనిషి నలుగుతాడు, కుటుంబం చెదిరిపోతుంది, సత్యం గెలుస్తుంది. చూసినవాళ్లకు గుండె బరువెక్కుతుంది. అయితే అలాంటి సినిమాలు చూసీచూసీ జనానికి ఒక అలవాటు పడింది. గుట్టు విప్పేవాడు కడిగిన ముత్యమై ఉండాలి, లేకపోతే వాడి మాటకు విలువ లేదు అన్న అలవాటు. ‘ది ఇన్‌ఫార్మెంట్!’ దాన్ని నవ్విస్తూనే విరగ్గొడుతుంది.

లోపమూ లేకపోలేదు. విటేకర్ చేష్టల సందడిలో అసలు నేరం వెనక్కి జరిగిపోతుంది. లైసిన్‌కు ఎక్కువ ధర కట్టిన పశుపోషకుడు ఒకటి రెండు మాటల్లో తప్ప తెరమీద మనిషిగా కనిపించడు. హాల్లోంచి బయటికొచ్చాక గుర్తుండేది 90 లక్షలు కాజేసిన పిచ్చి మేధావే గానీ, ప్రపంచం మొత్తం మీద కొనేవాళ్ల జేబులు కత్తిరించిన కంపెనీలు కావు. నిజానికి బయట జరిగిందీ ఇదే. సాక్షి మీద మచ్చ పడగానే పత్రికల చూపు నేరం మీది నుంచి సాక్షి మీదికి మళ్లింది. కంపెనీకి కావలసిందీ అదే.

ఎవరికెంత శిక్ష?

శిక్షల లెక్క చూడండి. కంపెనీ ఉపాధ్యక్షుడు, చైర్మన్ కుమారుడు అయిన మైకేల్ ఆండ్రియాస్‌కు, మరో అధికారి టెరెన్స్ విల్సన్‌కు మొదట రెండేళ్ల జైలు పడింది. 2000లో అప్పీలు కోర్టు దాన్ని పెంచితే ఆండ్రియాస్‌కు మూడేళ్లు, విల్సన్‌కు రెండేళ్ల తొమ్మిది నెలలు అయింది. గుట్టు విప్పిన విటేకర్‌కు? మోసం కేసులో తొమ్మిదేళ్లు, ధరల కుమ్మక్కు కేసులో మరో 20 నెలలు... మొత్తం పదిన్నరేళ్లకు పైనే. ఎనిమిదేళ్లు దాటి జైల్లో గడిపి 2006 డిసెంబరులో బయటికొచ్చాడు.

అన్యాయమేనా? ఒక్క మాటలో తేల్చేది కాదు. విటేకర్ శిక్షలో పెద్ద భాగం గుట్టు విప్పినందుకు పడింది కాదు, దొంగతనానికి పడింది. అతనికి మానసిక అనారోగ్యం ఉందని, రెండు జీవితాల ఒత్తిడి దాన్ని ముదిరేలా చేసిందని చెప్పేవాళ్లున్నారు. అతనితో పనిచేసిన ఎఫ్‌బీఐ ఏజెంట్లే కొందరు తర్వాత క్షమాభిక్ష పెట్టమని కోరారు. అయినా ఎవరి సొమ్మో కాజేసినవాడు శిక్ష అనుభవించాల్సిందే. కాకపోతే కోట్లమందిని ముంచిన కుట్రకు మూడేళ్లు, ఒక కంపెనీని ముంచిన దొంగ బిల్లులకు తొమ్మిదేళ్లు అన్నప్పుడు, చట్టం త్రాసు ఎటు మొగ్గిందో అడగక తప్పదు. ఆ త్రాసును చూసిన రేపటి విటేకర్ నోరు విప్పుతాడా?

మన దగ్గర...

ఈ కథ డెకేటర్‌ది. ప్రశ్న మాత్రం మనదీ. గుట్టు విప్పినవాళ్లలో ఇక్కడ పదేపదే తలుచుకునే పేరు మంజునాథ్ షణ్ముగంది. కోలారు బంగారు గనుల పట్టణంలో పెరిగి, లక్నో ఐఐఎంలో చదివి, ఇండియన్ ఆయిల్‌లో చేరిన కుర్రాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖీరీలో కల్తీ ఇంధనం అమ్మే బంకు మీద చర్య తీసుకున్నందుకు 2005 నవంబరులో 27 ఏళ్ల వయసులోనే అతన్ని చంపేశారు. అతని నిజాయతీని ఎవరూ శంకించలేదు. అలాంటివారికి దండం పెట్టడం తేలిక. చిక్కంతా మచ్చ ఉన్నవాడు వచ్చి తలుపు తట్టినప్పుడే.

మన చట్టం ఆ చిక్కు ఎరగనిదేమీ కాదు. అప్రూవర్ అనే మాట కోర్టు వార్తలు చదివేవాళ్లందరికీ తెలుసు. నేరంలో భాగస్వామి అయినవాడే సాక్షిగా మారతాడు. కోర్టు అతని మాటను కొట్టిపారేయదు, అలాగని గుడ్డిగా నమ్మదు. ఇతర ఆధారాల బలం ఉందా లేదా అని చూస్తుంది. కంపెనీల కుమ్మక్కు విషయంలో 2002 నాటి పోటీ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. కుమ్మక్కులో ఉన్న సంస్థే ముందుగా వచ్చి నిజం చెబితే జరిమానా తగ్గించవచ్చంది. రైల్వేకు ఫ్యాన్లు సరఫరా చేసే సంస్థల కేసులో 2017 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ ఇలా మొదటిసారిగా ఒక సంస్థకు 75 శాతం తగ్గించింది. ముల్లును ముల్లుతోనే తీయాలన్నది చట్టం ఎప్పుడో ఒప్పుకుంది.

సత్యం కంప్యూటర్స్ సంగతీ గుర్తు చేసుకోవాలి. 2008 డిసెంబరులో ఆ కంపెనీ డైరెక్టర్లలో ఒకరికి మారుపేరుతో ఈ-మెయిల్ వచ్చింది. లెక్కల్లో మోసం జరుగుతోందన్నది దాని సారాంశం. రాసినవాడు మంచివాడా, చెడ్డవాడా, పదోన్నతి రాక కక్ష కట్టినవాడా... వెతకడానికి మొహమే లేదు. మిగిలింది ఒక్కటే దారి, రాసింది నిజమా కాదా చూడటం. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు తన లేఖలో వేల కోట్ల రూపాయల బొంకును తానే ఒప్పుకున్నారు. పేరు లేని ఉత్తరం విషయంలో పాటించక తప్పని ఈ పద్ధతి పేరున్న మనిషి విషయంలో ఎందుకు పాటించకూడదు?

ఆఫీసులో, సొసైటీలో, రేషన్ షాపులో, గుడి కమిటీలో ఎవరైనా లెక్కల్లో తేడా ఉందని నోరెత్తితే ముందు వినిపించే మాటలు అందరికీ తెలిసినవే. ‘వాడేమన్నా తక్కువ తిన్నాడా?’, ‘వాటా కుదరక బయటపడ్డాడు’. ఆ మాటలు నిజం కూడా కావచ్చు. వాటా కుదరనివాడికే వాటాల లెక్క బాగా తెలుస్తుంది మరి. లోపల ఉన్నవాడికి తప్ప లోపలి సంగతి తెలియదు. లోపల ఉన్నవాడికి ఎంతోకొంత మసి అంటకుండానూ ఉండదు.

కాబట్టి చేయాల్సింది రెండు పనులు, రెండూ వేరువేరు. చెప్పినవాడు తప్పు చేసి ఉంటే దానికి వేరే కేసు, వేరే శిక్ష. చెప్పిన విషయానికి వేరే విచారణ. మొదటిది చూపించి రెండోదాన్ని మూసేయడం నేరస్తులకు చేసే ఉపకారం. విటేకర్ నోటి మాటల మీదే కేసు నిలబడి ఉంటే ఏడీఎం ఎప్పుడో బయటపడిపోయేది. అతను ఎన్ని అబద్ధాలాడినా టేపులు ఆడలేదు. ల్యాంపులోని కెమెరాకు ఏ కంపెనీ మీదా కక్ష లేదు, ఏ కుర్చీ మీదా ఆశ లేదు.

డామన్ నటనకు నవ్వుకోవాల్సిందే. నవ్వు అయ్యాక మాత్రం ఆ టేపుల్లో ఏముందో గుర్తుంచుకోవాలి. డబ్బు పోగొట్టుకున్నది మేత బస్తా కొన్నవాడు.