వ్యథితచిత్తుని యెదుట పోలీసు

ఒక మనుష్యుడు నడివీథిలో నిలిచి తనలో తాను మాటలాడుకొనుచు, పిలిచినవారికి బదులీయక, సమీపించినవారిపై కేకలు వేయుచున్నపుడు, మన భిలాయిలో ఇరుగుపొరుగువారు చేయు మొదటి పని డయల్ 112నకు ఫోను చేయుట. అప్పుడు వచ్చువారు వైద్యులు కారు, పోలీసు సిపాయిలు. తరువాతి పది నిమిషములలో వారు నడచుకొను తీరుపై ఆ మనుష్యుని ప్రాణమును మానమును ఆధారపడియుండును. ఇంతటి భారము మోయుచున్న ఆ సిపాయిలకు ఆ పని నేర్పినవారెవరు, తప్పు జరిగినచో వారు జవాబు చెప్పుకొనవలసినది ఎవరికి అను రెండు ప్రశ్నలను వేర్వేరుగా అడుగుట మనకు అలవాటైనది. ఇవి రెండు కావు, ఒకటే ప్రశ్నయని నా దృఢవిశ్వాసము.

చట్టము ఈ విషయమున మౌనము వహింపలేదు. 2018 మే 29 నుండి అమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము తన 100వ సెక్షనులో స్టేషను అధికారి ధర్మమును స్పష్టముగా నిర్దేశించినది. మనోవ్యాధివలన తన్ను తాను చూచుకొనజాలక దిక్కులేక తిరుగువానిని, తనకుగాని పరులకుగాని అపాయము తెచ్చు స్థితిలో నున్నవానిని అధికారి రక్షణలోనికి తీసికొనవలెను. ఏల తీసికొనుచున్నాడో అతనికి చెప్పవలెను, గ్రహించు స్థితిలో లేనిచో అతని ప్రతినిధికి చెప్పవలెను. సాధ్యమైనంత శీఘ్రముగా, 24 గంటలు దాటనీయక, సమీపమునగల ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. లాకప్పులోగాని చెరసాలలోగాని ఎట్టి పరిస్థితిలోను ఉంచరాదు. ఇల్లు వాకిలి లేనివాడైనచో, తప్పిపోయినవానిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదుచేసి అతనివారిని వెదకుటయు ఆ స్టేషనువారి పనియే. పోలీసులకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇప్పించు బాధ్యతను 30వ సెక్షను ప్రభుత్వముపై నుంచినది. చట్టమును ఉల్లంఘించినవారికి మొదటి తప్పునకు ఆరు నెలల వరకు కారాగారవాసమును, పదివేల రూపాయల వరకు జరిమానాను, లేదా రెండింటిని 108వ సెక్షను విధించినది. నేర్పుమని ప్రభుత్వమును, నేర్చినది తప్పవలదని ఉద్యోగిని ఒకే చట్టము ఆజ్ఞాపించుచున్నది.

ఈ ఆజ్ఞలు కాగితముపైననే నిలిచిపోయిననాడు ఏమగునో విశాఖపట్టణము 2020 మే 16న చూచినది. నర్సీపట్నము ప్రభుత్వాసుపత్రిలో మత్తువైద్యుడై యుండి, కరోనాకాలమున మాస్కుల కొరతను బహిరంగముగా చెప్పిన పిదప సస్పెన్షనునకు గురియైన డాక్టరు సుధాకర్, ఒంటిపై చొక్కాలేక, చేతులు త్రాటితో వెనుకకు కట్టబడి నడిరోడ్డుపైనున్న దృశ్యములు దేశమంతట వ్యాపించినవి. ఆయన మద్యము సేవించి అల్లరి చేసెనని పోలీసులు చెప్పిరి. పిదప ఆయన ప్రభుత్వ మానసిక వైద్యశాలకు చేర్చబడెను. ఆయనకు వ్యాధి యుండెనా లేదా యను వివాదమును నేను తీర్పజాలను, ఇచ్చట తీర్పవలసిన పనియు లేదు. వ్యాధి యున్నచో ఆయనకు 100వ సెక్షను రక్షణ కలదు, లేనిచో సామాన్యపౌరుని హక్కులు కలవు. ఆ త్రాటికి ఏ పక్షమునను న్యాయము లేదు. ఒక కానిస్టేబులు సస్పెండు చేయబడెను. ఉన్నతన్యాయస్థానము జోక్యము కలిగించుకొని మే 22న సీబీఐ దర్యాప్తునకు ఆదేశించెను. ఏడాది తిరిగినంతలో, 2021 మే 21న, డాక్టరు సుధాకర్ గుండె ఆగి మరణించెను.

మన యూరిలో ఇట్టి ఘడియ మఱింత దుర్ఘటము. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ జిల్లాలనుండి ఉక్కుపనికై వచ్చి ఖుర్సీపార్, క్యాంపు ప్రాంతములలో స్థిరపడిన మనవారి సంతతి హిందీలో చదివి హిందీలో ఉద్యోగములు చేయుచున్నను, మనస్సు చెదరినవేళ పెద్దలనోట వచ్చునది అమ్మభాషయే. రాత్రులు నిద్రలేక, తెల్లవారుజామున ఇల్లు విడిచి రైలు పట్టాలవైపు నడచిపోవు ఒక ముసలితల్లి తెలుగులో మొఱపెట్టుకొనుచుండగా, ఆ భాష యెఱుగని సిపాయికి అది వట్టి అరుపుగా వినబడును, అతని ప్రశ్నకు ఆమె బదులీయకుండుట ధిక్కారముగా తోచును. ఆమెను ఎచ్చటికి కొనిపోవలెను? ఉక్కు ప్లాంటు ఉద్యోగి కుటుంబమునకు సెక్టర్ 9 ఆసుపత్రి కలదు. ఠేకా (కాంట్రాక్టు) కూలీ తల్లికి సుపేలాలోని లాల్ బహదూర్ శాస్త్రి ఆసుపత్రియో, దుర్గ్ జిల్లా ఆసుపత్రియో గతి. ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ చెంత సేంద్రీలో నున్నది. నడిరాత్రి ఏ తలుపు తట్టవలెనో ముందే నిర్ణయింపబడనిచోట, థానాలోని బల్లయే ఆమెకు ఆసుపత్రి యగును. ఇందు మన తప్పును కలదు. పెరిగిన కొడుకు రాత్రియంతయు అరచుచున్నపుడు, “బాబూ, రెండు దెబ్బలు వేసి భయపెట్టండి, తగ్గిపోతాడు” అని పోలీసులను బ్రతిమాలు తల్లిదండ్రులు మనలో లేకపోలేదు.

భిలాయివారికి ఈ విషయమును బోధించుటకు దూరదేశపు దృష్టాంతముకన్న మన కర్మాగారమే మేలు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాసు గొట్టముచెంత మరమ్మతు జరుగుచుండగా మంటలు లేచి పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయినపుడు, విచారణ మంటలో నిలిచిన కార్మికునితో ఆగిపోలేదు. కర్మాగారపు ముఖ్య కార్యనిర్వహణాధికారియే పదవినుండి తొలగింపబడెను, భద్రతావిభాగపు అధికారి సస్పెండు చేయబడెను. నేర్పనివానిని బట్టీచెంత నిలుపరాదనియు, ప్రమాదము జరిగినచో నిలిపినవానినే మొదట ప్రశ్నింపవలెననియు ఈ యూరికి తెలియును. ఆ నీతి ప్లాంటు గేటు దాటి థానా గుమ్మము వరకు ఏల రాకూడదు? విశాఖలో త్రాడు కట్టినవాని పేరు అందఱును అడిగిరి. అట్టి ఘడియలో ఏమి చేయవలెనో అతనికి నేర్పవలసియుండినవాని పేరు అడిగినవారు అరుదు.

శిక్షణ యొక్కటియే చాలునను భ్రమయు వలదు. అమెరికాలోని మెంఫిస్ నగరమున 1987లో కత్తితో తన్ను తాను కోసికొనుచుండిన ఒక మనోవ్యాధిగ్రస్తుని పోలీసులు కాల్చి చంపగా, మరుసటి యేట పోలీసులును, వైద్యులును, విశ్వవిద్యాలయములును, రోగుల కుటుంబముల సంఘమును కలిసి 40 గంటల శిక్షణను రూపొందించిరి. దూరముగా నిలుచుట, ఒక్కరే మెల్లగా మాటలాడుట, తొందరపడకుండుట అందలి సారము; పోలీసు తెచ్చిన రోగిని త్రిప్పి పంపని ఆసుపత్రి దానికి అండ. ఆ పద్ధతిని ప్రపంచమంతట అనుకరించిరి. అయినను 2024 డిసెంబరులో అమెరికా న్యాయశాఖ ఆ నగరపు పోలీసులే మనోవ్యాధిగ్రస్తులపట్ల వివక్ష చూపుచున్నారని నివేదించినది. ప్రభుత్వము మారిన పిదప 2025లో ఆ నిర్ధారణలు ఉపసంహరింపబడినను, అందు వర్ణింపబడిన సంఘటనలు జరుగనివి కాజాలవు. ప్రశ్నించువాడు లేనిచోట మంచివిద్యయు మొద్దుబారును.

కావున నా విన్నపము మూడు విధములు. చంద్ఖురీ పోలీసు అకాడమీలో క్రొత్తగా చేరువారికే గాక, థానాలలో నున్నవారికిని, థానా అధికారియగు టీఐ మొదలు సిపాయి వరకు, 100వ సెక్షను పాఠముగాను అభ్యాసముగాను నేర్పవలెను. ప్లాంటును కాచు సీఐఎస్ఎఫ్ జవానులకును ఇది కావలెను. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థయైన నింహాన్స్‌వారి సహాయముతో వైద్యాధికారులకు దూరశిక్షణ ఇప్పించిన రాష్ట్రమునకు ఇది అసాధ్యము కాదు. రెండవది, ఇట్టి ప్రతి సంఘటనకును వేరొక రిజిస్టరు: ఫోను వచ్చిన వేళ, ఆసుపత్రి చేరిన వేళ, బలము ప్రయోగించిన కారణము. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషనులో ఉండవలెనని ఆదేశించిన కెమెరాల దృశ్యములు దానికి తోడు కావలెను. జిల్లా పోలీసు అధికారి వైద్యుని, రోగుల కుటుంబీకుని కూర్చుండబెట్టుకొని నెలనెలా దానిని చదువవలెను. 2007 నాటి ఛత్తీస్‌గఢ్ పోలీసు చట్టము ఏర్పరచిన జవాబుదారీ ప్రాధికారసంస్థ ముందునకు అది పోవలెను. మూడవది, పోలీసుల మనస్సు. వారి ఒత్తిడిని గుర్తించి ఈ రాష్ట్ర పోలీసుశాఖయే 2020లో ‘స్పందన్’ అను కార్యక్రమమును ప్రారంభించినది. విశ్రాంతి యెఱుగనివాడు పరుల కలతను ఓర్పుతో చూడజాలడు.

ప్రభుత్వము చేయువరకు మనము కాచియుండ నక్కరలేదు. ఆంధ్ర సాహిత్య సమితివంటి మన సంస్థలు ప్రతి పేటలో తెలుగును హిందీని ఎఱిగిన కొందఱి పేర్లను, ఫోను నంబరులను సమీప థానాకు ఈయవచ్చును. 112నకు ఫోను చేయునపుడు “గొడవ చేస్తున్నాడు” అనక “జబ్బు మనిషి, ఆసుపత్రికి చేర్చాలి” అని చెప్పుడు. పోలీసులు వచ్చినపుడు తలుపులు మూసికొనక వెంట నడువుడు, ఆసుపత్రి చీటీలో ఆ రోగి పేరు వ్రాయబడువరకు అచ్చటనే యుండుడు. సాక్షి యున్నచోట చేయి తొందరపడి లేవదు. లేచినను, అడుగువాడొకడు మిగులును.