ఇత్తడి గొంతులు పలికే ప్రార్థన

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఆరవ వీధీ, ఎం వీధీ కలిసే మూలన ఒక ప్రార్థనామందిరం ఉంది. అక్కడి ఆరాధనకు ప్రాణం పోసేది ఆర్గన్ కాదు, పియానో కాదు. పదీ పన్నెండు ట్రాంబోన్లు ఒక్కుమ్మడిగా పలికే ఇత్తడి నాదం. భక్తులు లేచి నిలబడి చప్పట్లు చరుస్తూ ఉంటారు. వాద్యకారులు ఒక మారు నేలకు వంగి, మరొక మారు వాద్యాలను పైకప్పు వైపు ఎత్తి, చెమటలు కారుతూ వాయిస్తూ ఉంటారు. వాయించేవారెవరో, వినేవారెవరో కొంతసేపటికి తేల్చి చెప్పడం కష్టమైపోతుంది. యునైటెడ్ హౌస్ ఆఫ్ ప్రేయర్ ఫర్ ఆల్ పీపుల్ అనే క్రైస్తవ సమాజానికి అది ప్రధాన కేంద్రం. ఈ సమాజంలో నల్లజాతివారే అధికసంఖ్యాకులు. వీరి ట్రాంబోన్ బృందాలను 'షౌట్ బ్యాండ్లు' అంటారు.

దశాబ్దాల తరబడి ఈ సంగీతం ఆ మందిరాల గోడలు దాటి ఎక్కువ దూరం పోలేదు. జాజ్ సంగీతాన్ని గురించి గుట్టలుగా గ్రంథాలు వెలువడిన దేశంలోనే, ఆ జాజ్‌కు దగ్గరి బంధువైన ఈ సంప్రదాయాన్ని పట్టించుకున్నవారు కొద్దిమంది. అటువంటి స్థితిలో 1999లో స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ సంస్థ 'సెయింట్స్ ప్యారడైజ్' పేరిట ఈ బృందాల వాద్యాన్ని ఒక డిస్కుగా వెలువరించింది. ఆ సంస్థ సంగతి కూడా చెప్పుకోదగినదే. మోజెస్ ఆష్ అనే వ్యక్తి 1948లో స్థాపించిన ఫోక్‌వేస్ సంస్థను 1987లో స్మిత్సోనియన్ సంస్థ స్వీకరించినప్పుడు, రెండువేల పైచిలుకు రికార్డులలో ఒక్కదానినీ అలభ్యం కానీయరాదన్నది ఒడంబడికలోని షరతు. అమ్ముడుపోయినా, పోకపోయినా రికార్డు దొరుకుతూనే ఉండాలి. వ్యాపార దృష్టితో చూస్తే ఇది పిచ్చితనం. షౌట్ బ్యాండ్ల వంటి సంగీతానికి మాత్రం అటువంటి గూడే కావాలి.

ట్రాంబోన్ నిర్మాణం కొంతైనా తెలిస్తే తప్ప ఈ సంగీతంలోని రహస్యం బోధపడదు. పెళ్లి ఊరేగింపులలో బ్యాండుమేళం విన్నవారికి ట్రంపెట్టు వంటి వాద్యాలు పరిచితమే. వాటికి మీటలుంటాయి, వేలితో మీట నొక్కగానే గాలి పోయే దారి పొడవు మారి, దానితో స్వరమూ మారుతుంది. మామూలు ట్రాంబోన్‌కు అటువంటి మీటలు లేవు. సుమారు తొమ్మిదడుగుల ఇత్తడి గొట్టాన్ని మడిచి, అందులో ఒక భాగాన్ని ముందుకూ వెనుకకూ జారేటట్లు అమర్చారు. వాద్యకారుడు కుడిచేతితో ఆ జారుగొట్టాన్ని ముందుకు తోస్తే నాదం దిగుతుంది, వెనుకకు లాగితే ఎక్కుతుంది. ఏడు స్థానాలున్నాయనీ, ఒక్కొక్క స్థానం వద్ద నాదం అరస్వరం చొప్పున దిగుతుందనీ పాఠ్యగ్రంథాలు చెపుతాయి. కాని ఆ స్థానాల గుర్తులు గొట్టంమీద ఎక్కడా చెక్కి ఉండవు. చెవి చెప్పినట్లు చెయ్యి నడవాలి. మెట్లు లేని వయొలిన్ తంత్రిమీద వేలు జార్చి మన విద్వాంసులు పలికించే 'జారు' ఇక్కడ ఇత్తడిలో పలుకుతుంది. పైగా ఈ వాద్యపు శ్రుతిపరిధి దాదాపు పురుషకంఠానిదే కావడంచేత, రెండు స్వరాల మధ్య అది జారినప్పుడల్లా ఎవరో మూలిగినట్లో, బతిమాలినట్లో, ఎలుగెత్తి పిలిచినట్లో అనిపిస్తుంది.

పాశ్చాత్య దేశాలలో ట్రాంబోన్‌కూ దేవాలయానికీ అనుబంధం కొత్తది కాదు. పెన్సిల్వేనియాలోని బెత్లెహేం పట్టణంలో మొరేవియన్ క్రైస్తవుల ట్రాంబోన్ బృందం 18వ శతాబ్దం మధ్యభాగం నుంచీ ఉన్నదే. సింఫనీలలో దీనికి చోటు ఆలస్యంగా దొరికింది. 1808లో తొలిసారి వినిపించిన బీథోవెన్ ఐదవ సింఫనీలో ట్రాంబోన్ వాద్యకారులు మూడు భాగాలసేపు చేతులు ముడుచుకు కూర్చుని, నాలుగవ భాగంలో గాని నోరు విప్పరు. షౌట్ బ్యాండులో ఆ నిరీక్షణ లేదు. అక్కడ పల్లకీ ఎక్కేదీ ట్రాంబోనే, మోసేదీ ట్రాంబోనే.

'షౌట్' అన్న మాటను 'కేక' అనో 'అరుపు' అనో తెలుగు చేస్తే అర్థం చెడుతుంది. బానిసత్వపు రోజులలో అమెరికా దక్షిణ రాష్ట్రాల నల్లవారు వలయంగా నిలిచి, పాదాలు నేలను వీడకుండా ఈడుస్తూ, చప్పట్ల లయకు గుండ్రంగా తిరుగుతూ పాడే ఆరాధనకు 'రింగ్ షౌట్' అని పేరు. షౌట్ అన్నది అక్కడ గొంతు చేసే పని కాదు, కాళ్లు చేసే పని. మక్కాలో కాబా చుట్టూ తిరగడాన్ని తెలిపే ఒక అరబ్బీ పదం దీనికి మూలమై ఉండవచ్చునని లొరెంజో డౌ టర్నర్ అనే భాషాశాస్త్రవేత్త ఊహించాడు. ఆ వ్యుత్పత్తిని అందరూ అంగీకరించలేదు. ఏది ఎలా ఉన్నా, ఈ సంగీతం కుర్చీలో కూర్చుని తల పంకించేవారి కోసం పుట్టింది కాదన్న సంగతి ఆ మాటలోనే ఉంది.

ఆంగ్ల సాహిత్యం చదివినవారికి ఇక్కడ మరొక గ్రంథం స్ఫురించక మానదు. జేమ్స్ వెల్డన్ జాన్సన్ అనే నల్లజాతి కవి 1927లో 'గాడ్స్ ట్రాంబోన్స్' అనే కావ్యసంపుటి ప్రచురించాడు. పాతకాలపు నల్లజాతి బోధకుల ప్రసంగాలను ఏడు కవితలుగా మలిచిన పుస్తకం అది. కాన్సాస్ సిటీలో ఒక బోధకుని ప్రసంగం విన్నప్పుడు అతని గొంతు తనకు ట్రాంబోన్ వలె వినిపించిందనీ, మనిషి గొంతులోని సకల భావాలనూ పలికించగల వాద్యం అదేననీ పీఠికలో వివరించాడు. వ్రాస్తున్నప్పుడు ఆయన మనసులో ఉన్నది ఉపమానమే. ప్రార్థనామందిరాలలోని వాద్యకారులు ఆ ఉపమానాన్ని తలక్రిందులు చేశారు. జాన్సన్ దృష్టిలో బోధకుడు ట్రాంబోన్. వీరి చేతిలో ట్రాంబోనే బోధకుడు.

ఈ సమాజపు స్థాపకుడు ఆఫ్రికా పశ్చిమతీరానికి ఆవల ఉన్న కేప్ వెర్డీ ద్వీపాలలోని బ్రావాలో పుట్టాడు. మార్సెలీనో మాన్యుయెల్ ద గ్రాసా అన్న పేరు అమెరికాలో చార్లెస్ మాన్యుయెల్ గ్రేస్‌గా మారింది. భక్తులకు ఆయన 'స్వీట్ డాడీ గ్రేస్'. 1919లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్ వేర్‌హాంలో తొలి మందిరం కట్టాడు. 1927లో వాషింగ్టన్‌లో తన సంస్థను చట్టబద్ధంగా నమోదు చేయించాడు. బారెడు గోళ్లు, రంగురంగుల అంగీలు, అగ్నిమాపక దళం వాడే గొట్టాలతో నీళ్లు చిమ్మి ఒకేసారి వందలమందికి ఇచ్చే బాప్తిస్మాలు - పత్రికలవారికి ఆయన కావలసినంత మేత సమకూర్చాడు. ఆ మేత నెమరువేయడంలో పడి వారు వెనుక మోగుతున్న వాద్యాన్ని వినలేదు. 1960లో గ్రేస్ మరణించిన తరువాత వాల్టర్ మెక్‌కొల్లో, 1991 నుంచి శామ్యూల్ మాడిసన్ పీఠాధిపతులైనారు. బృందాల పేర్లలో తరచుగా వినిపించేది ఈ అధిపతుల పేర్లే: వాషింగ్టన్‌లో 'మాడిసన్స్ లైవ్లీ స్టోన్స్', న్యూయార్క్ హార్లెంలో 'మెక్‌కొల్లో సన్స్ ఆఫ్ థండర్'. తెలుగు బైబిలు చదివినవారికి ఆ సజీవమైన రాళ్లూ, ఆ ఉరుము కుమారులూ క్రొత్తవారు కారు. మొదటిది పేతురు పత్రికలోని మాట. రెండవది యేసు తన శిష్యులలో ఇద్దరికి పెట్టిన పేరు.

ఇక వాద్యపద్ధతి. బృందంలో ఒకడు నాయకుడు. అతని ట్రాంబోన్ ఒంటరిగా ఒక పాదం పలుకుతుంది. స్తోత్రగీతం ఎత్తుకునే గాయకుని వలె మెల్లగా, విరామాలతో, ఒక్కొక్క స్వరాన్నీ కదుపుతూ సాగుతుంది. తక్కినవారు వరుసగా నిలిచి బహుస్వర మేళనంలో దానికి బదులిస్తారు. అడుగున సూసఫోన్ అనే, ఒంటికి చుట్టుకునే పెద్ద బూరా మంద్రస్వరాన్ని నిలబెడుతుంది. వాటితో పాటు డ్రమ్ములు, తాళాలు, భక్తుల చప్పట్లు. కొంతసేపటికి లయ బిగుస్తుంది. పాట కరిగిపోయి ఒకటి రెండు పాదాలు మాత్రం మిగులుతాయి. నాయకుడు పిలుస్తాడు, వరుస బదులిస్తుంది. మళ్లీ పిలుస్తాడు, మళ్లీ బదులిస్తుంది. భజనలో ఒకే నామం పది మారులు, నూరు మారులు తిరిగినప్పుడు గదిలోని గాలి మారడం ఎరిగినవారికి ఈ ఘట్టాన్ని వేరే వివరించనక్కరలేదు. ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది కాగితం కాదు, గడియారం కాదు. ఎదుట నిలిచిన భక్తుని ఒంటిలో ఆవేశం దిగేవరకు వాద్యం దిగదు.

సెయింట్స్ ప్యారడైజ్‌కు చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే. డిస్కులో ప్రతి పాటకూ నిడివి ఉంటుంది. ఆవేశం ఎక్కుతున్నదనగా అంశం ముగుస్తుంది. మందిరంలో గుండెను తాకే మంద్రనాదం ఇంట్లో గోడదాకా వచ్చి ఆగిపోతుంది. అన్నిటినీ మించి, బదులు పలికే భక్తుడు ఇక్కడ లేడు; అతని స్థానంలో మనం కూర్చుని ఉంటాం. ఇన్ని లోపాలున్నా ఈ ముద్రణ విలువ గొప్పది. మందిరపు హోరులో జారిపోయే సూక్ష్మాలు ఇందులో చెవికి అందుతాయి. నాయకుడు స్వరాన్ని నేరుగా పట్టక దిగువనుంచి తడుముకుంటూ ఎక్కడం, ఎక్కినదాన్ని వణికించి విడవడం, వరుసలోని వారంతా ఒకే మనిషి ఊపిరి తీసినట్లు కలిసి ఆగడం - చొక్కాలు తడిసే ఆ ఆవేశం క్రింద ఎంత క్రమశిక్షణ ఉన్నదో అప్పుడు గాని తెలియదు. ఒకే బృందాన్ని అందలమెక్కించక, షార్లెట్ నగరపు కెన్నీ కార్ టైగర్స్‌నూ, వాషింగ్టన్ వారినీ ఒకేచోట వినిపించడం మరొక మంచి పని. పేర్లు చూడకుండా విన్నా తేడా తెలిసే బృందాలివి. అందరిదీ ఒకే మతం, ఒకే వాద్యం; బాణీలు మాత్రం ఒకటి కావు.

సన్స్ ఆఫ్ థండర్ నాయకుడు ఎడ్వర్డ్ బాబ్‌కు 1997లో అమెరికా ప్రభుత్వ కళానిధి 'నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్' ప్రకటించింది. సంప్రదాయ కళాకారులకు ఆ దేశం ఇచ్చే అత్యున్నత గౌరవం అది. భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించే విశేషం ఏమంటే, ఆ ఏటి జాబితాలోనే సరోద్ విద్వాంసుడు ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ పేరు కూడా ఉంది. కాలిఫోర్నియాలో సంగీత కళాశాల నెలకొల్పి అమెరికన్ విద్యార్థులకు హిందుస్తానీ సంగీతం నేర్పినందుకు ఆయనకు లభించిన గుర్తింపు అది. సరోద్‌కు మెట్లు లేవు, ట్రాంబోన్‌కు మీటలు లేవు. స్వరం నుంచి స్వరానికి జారే మధ్యదారిలోనే తమ జీవితకాలపు సాధననంతా ధారపోసిన ఇద్దరు ఒకే జాబితాలో కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా చూడముచ్చటైన యాదృచ్ఛికం.

ఉస్తాద్ వెనుక ఒక ఘరానా ఉంది, రాజాస్థానాల ఆదరణ ఉంది. షౌట్ బ్యాండ్లకు అటువంటి పోషకులెవ్వరూ లేరు. వీరిలో అత్యధికులకు సంగీతం జీవనోపాధి కాదు. వారమంతా వేరే పనులు చేసుకుని మందిరంలో వాద్యం చేతబట్టేవారు. స్వరలిపి చూసి కాక, పక్కవాడిని విని నేర్చుకుంటారు. అభ్యాసం పసితనంలోనే మొదలవుతుంది. పొట్టి చేయి ఆరవ, ఏడవ స్థానాలకు అందదు గనుక ఆ స్వరాలను పెద్దవారికి వదిలి, అందినంతమేర వాయిస్తూ ఎదిగినవారే తరువాత వరుసలో నిలుస్తారు. ఉత్సవ వేదికలపై, మైకుల ముందు, టికెట్టు కొన్న శ్రోతలకు ఈ సంగీతాన్ని వినిపించిన సందర్భాలున్నాయి. అక్కడా ప్రశంసలు దక్కాయి. కాని వేదిక ఎంత పెద్దదైనా, అది మరొక పిల్లవాడి చేతికి ట్రాంబోన్ అందించలేదు. ఆ పని చేయగలిగింది ఆదివారపు మందిరమే. మందిరం పలచబడిననాడు డిస్కు మిగిలి ప్రయోజనం ఎంత అన్న ప్రశ్న ఈ సంగీతాన్ని ప్రేమించేవారిని వెంటాడక మానదు.

డిస్కును మొదటిసారి వినేవారు వేగమైన అంశాలతో ఆరంభించకపోవడం మేలు. అవి తొలి వినికిడికి ఉత్త సందడిగా తోచవచ్చు. నిదానంగా సాగే స్తోత్రగీతాలు ముందు వినాలి. చేతిలోని ఫోనుకుండే చిన్న స్పీకరు సూసఫోన్ పలికే మంద్రస్వరాన్ని దాదాపు పూర్తిగా మింగివేస్తుంది; ఆ అడుగు లేకపోతే పైన ట్రాంబోన్లు గాలిలో వ్రేలాడినట్లుంటాయి. మంచి స్పీకర్లు దొరికినచోట, ఇరుగుపొరుగువారు నిద్రపోని వేళ చూసుకుని, కొంచెం పెద్దగానే పెట్టి వినాలి.