శిలాఫలకం మీద పేరు, పట్టా మీద పేరు

వరద సాయానికి వెళ్లొచ్చినవాళ్లు రాసే వ్యాసాలకి ఒక అచ్చు తయారైపోయింది. రాత్రంతా బస్సు ప్రయాణం, తెల్లారేసరికి ఊరు, మోకాలి లోతు బురద. ఒక ముసలావిడ తప్పకుండా ఉంటుంది. ఇంట్లో అంతా కొట్టుకుపోయినా ఎక్కణ్ణుంచో టీ సంపాదించి వీళ్లకి పోసిస్తుంది. వీళ్ల కళ్లు చెమరుస్తాయి. ఆఖరి పేరాలో "మేము ఇచ్చినదానికంటే పొందిందే ఎక్కువ" అంటారు. అక్కడితో అయిపోతుంది. ఆ ముసలావిడకి ఇల్లొచ్చిందా, వస్తే ఎవరి పేరున వచ్చింది, ఇప్పుడు దాని పైకప్పు కారుతోందా లేదా అన్న సంగతులు మాత్రం ఎక్కడా ఉండవు.

ఇది మన దగ్గరే కాదు. 2005లో కత్రినా హరికేన్ తర్వాత న్యూ ఆర్లియన్స్‌కి ఇళ్లు కట్టడానికి వెళ్లిన చర్చి బృందాల అనుభవాలు చదివినా దాదాపు ఇదే వరస. మా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సీఎస్ఆర్ రోజున ఒకే రంగు టీషర్టులేసుకుని వెళ్లొచ్చినవాళ్ల పోస్టులు చదివినా ఇదే. ఇచ్చేవాడే కథానాయకుడు, తీసుకునేవాడు సెట్టింగు.

నేనూ అలా వెళ్లినవాణ్ణే. 2009 అక్టోబరు వరదల తర్వాత, ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో, ఒక చర్చి బృందంతో కలిసి కర్నూలు చుట్టుపక్కల పల్లెల్లో కొన్ని వారాలు గంపలు మోశాను. నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాదు. పక్క రూములో స్నేహితుడు రమ్మన్నాడు, కాలేజీకి సెలవులిచ్చారు, వెళ్లాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఇలాంటి పని గురించి తెలుగులో మూడు రకాల మాటలే విన్నాను. ఒకరు మురిసిపోతారు. ఒకరు మతమార్పిడి అంటారు. ఇంకొకరు ప్రభుత్వం చెయ్యాల్సింది వీళ్లు చేసి జనం కోపాన్ని చల్లారుస్తున్నారు అంటారు. ఈ ముగ్గురూ బద్ధశత్రువుల్లా కనిపిస్తారు గానీ, ముగ్గురూ చేసేది ఒకటే. కట్టినవాడి మనసులో ఏముందో వెతుకుతారు. కట్టిన ఇంటివైపు చూడరు. నా గొడవంతా దాని గురించే.

ముందు ఆ వరదేమిటో గుర్తు చేసుకుందాం. ఆ ఏడు దేశమంతా వర్షాభావం. సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది, సరిగ్గా నెల తిరిగేసరికి అక్టోబరు 2న కర్నూలు మునిగింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డాయి. ఎగువన మంత్రాలయం మునిగింది. దిగువన 19 లక్షల క్యూసెక్కులకు డిజైన్ చేసిన శ్రీశైలం జలాశయానికి 25 లక్షల పైచిలుకు వచ్చిపడింది. 885 అడుగుల పూర్తి మట్టం ఉండాల్సిన చోట నీళ్లు దాదాపు 896 దాకా లేచాయి. పాతబస్తీలో కొండారెడ్డి బురుజు చుట్టూ ఉన్న వీధుల్లోంచి నీళ్లు తీశాక మిగిలింది బురద. దాన్ని ఎత్తిపోసింది ముందుగా పారిశుద్ధ్య కార్మికులు, వేరే ఊళ్లనుంచి వచ్చినవాళ్లు కూడా. స్వచ్ఛంద సేవ గురించి మాట్లాడేటప్పుడు వాళ్లనెవరూ లెక్కలోకి తీసుకోరు. వాళ్లకి జీతమిస్తారు కాబట్టి అది సేవ కాదంట!

ఇప్పుడు మతమార్పిడి అనేవాళ్ల సంగతి. "ఇల్లు చూపించి బాప్తిస్మం ఇప్పిస్తారు" అన్నది వాళ్ల వాదన. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడు చట్టం దృష్టిలో ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో బీసీ-సీ లోకి వెళ్తాడు, అక్కడున్నది ఒక్క శాతం రిజర్వేషన్. అంటే రెండు గదుల ఇంటికోసం కాగితం మీద మతం మారినవాడు పిల్లల చదువు, ఉద్యోగం, అట్రాసిటీ చట్టం రక్షణ వదులుకోవాలి. లాభం కోసమే మారతారనేవాళ్లు ఆ లాభమేమిటో కాస్త కూడి చెప్పాలి. పేదవాడు ఏం చేసినా కడుపుకోసమే చేస్తాడు, వాడికి నమ్మకమనేది ఉండదు అన్న చిన్నచూపు ఈ వాదనకి పునాది.

ఈ అనుమానం కొత్తదేం కాదు. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల ముక్క తవ్వకాన్ని కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూడుకోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకుండా ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. దీన్ని మీరు రెండు రకాలుగానూ చదువుకోవచ్చు. నాకు మాత్రం ఇందులో రెండు విషయాలు ముఖ్యం. ఆయన ధర్మం చెయ్యలేదు, కూలి ఇచ్చాడు. సాయాన్నీ మతాన్నీ ఒకే రోజు, ఒకే బల్ల మీద పెట్టకూడదన్న స్పృహ ఆయనకుంది.

ఆ స్పృహ ఇవాళ్టి బృందాలన్నిటికీ ఉందని నేననను. పని మొదలుపెట్టే ముందు ప్రార్థన చేస్తారు. మేస్త్రీ, ఇంటామె, పిల్లలు అందరూ తలొంచుకుని నిలబడతారు. వాళ్లలో ఎంతమంది ఇష్టంతో నిలబడ్డారో, ఎంతమంది నిలబడకపోతే లిస్టులోంచి పేరు పోతుందని నిలబడ్డారో ఎవరికి తెలుసు? అడగాల్సిన ప్రశ్న ఇది. లబ్ధిదారుల లిస్టు ఎక్కడ తయారైంది? పాస్టరుగారి ఇంట్లోనా, ఊరందరి ముందు రచ్చకట్ట దగ్గరా? లిస్టు గోడ మీద అంటించి, దాని మీద పోట్లాడే హక్కు అందరికీ ఇస్తే, ప్రార్థన ఎవరు చేసుకుంటే ఏమిటి? ఇదే ప్రశ్న ఏ మతం బృందానికైనా వెయ్యాలి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత ఇళ్లు కట్టించినవాళ్లలో చర్చిలున్నాయి, రామకృష్ణ మిషన్ ఉంది, ఆర్ఎస్ఎస్ ఉంది. అక్కడ దీనదయాళ్‌పురం అన్న ఊరు ఇప్పటికీ ఉంది. ఇళ్లతోపాటు ఊరి పేరు కూడా దాతలదే అయింది. చర్చి బృందం మీద వచ్చే అనుమానం ఇలాంటి పేర్ల మీద ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

మూడో పక్షం నాకు దగ్గరివాళ్లు, ఇలాంటి పత్రికలు చదివేవాళ్లు, రాసేవాళ్లు. ఇల్లు కట్టాల్సింది ప్రభుత్వం అంటారు. నిజమే. రాయలసీమలో ఈ మాటకి మరీ బలముంది. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద పైచిలుకు ఊళ్లని ఖాళీ చేయించి ఇళ్లు కూలగొట్టింది ప్రభుత్వమే. మొన్నమొన్న, 2020లో, గండికోట జలాశయంలో నీళ్లు నింపుతుంటే తాళ్లప్రొద్దుటూరు జనం ఇళ్లల్లోకి నీళ్లొస్తుండగా మూటలు సర్దుకున్నారు. 2021లో, మళ్లీ అదే నవంబరు 19న, అప్పటి కడప జిల్లాలో పింఛా కట్ట తెగి, ఆ తాకిడికి రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మీద నీళ్లు పడ్డాయి. ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రే రాజ్యసభలో చెప్పారు. గేటు తెరుచుకోకపోతే దాన్ని దైవఘటన అనరు.

కాబట్టి బాధ్యత ప్రభుత్వానిదే. మరి ఆ బాధ్యత నెరవేరేదాకా మనుషులు ఎక్కడ పడుకోవాలి? ఎన్యూమరేషన్, పరిహారం చెక్కు, స్థలం, బిల్లు, ఇంకో బిల్లు... ఒక ఎండాకాలం, ఒక వానాకాలం టార్పాలిన్ కింద గడిచిపోతాయి. "ఈ సాయం వల్ల జనం పోరాటం చెయ్యరు" అనే మాటలో దాగున్న అర్థం, పోరాటానికి ఇంధనం కావాలి కాబట్టి వాళ్లు ఇంకొన్నాళ్లు తడవాలి అని. తలదాచుకునే చోటు లేనివాడు కలెక్టరేట్ దగ్గర ధర్నాకి ఎన్ని రోజులు కూర్చోగలడు? మూటా ముల్లె ఎవరికి అప్పజెప్పి వస్తాడు?

అయితే చర్చి బృందాల మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. గోడ కడతారు, గోడ ఎందుకు పడిందో మాట్లాడరు. "దేవుడు పరీక్షించాడు, దేవుడే నిలబెట్టాడు" అన్న సాక్ష్యంలో గేటు గురించి, జలాశయంలో ఎన్ని అడుగుల నీళ్లు ఎప్పటిదాకా ఆపారన్న దాని గురించి ఒక్క ముక్క ఉండదు. ఊళ్లో జనం ఆ లెక్కలన్నీ పొద్దుటినుంచి రాత్రిదాకా మాట్లాడుకుంటూనే ఉంటారు. మేము గంపలు మోస్తూ విన్నది ఎక్కువగా అవే. బృందం వార్తాలేఖలో అచ్చయ్యేది మాత్రం సాక్ష్యమే.

ఇక మురిసిపోయేవాళ్లు. వీళ్లకోసం ఇంటి గురించే మాట్లాడతాను.

మా సీమ పల్లెల్లో పాత ఇల్లంటే మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన నాపబండలు, ఆపైన చౌడు మట్టి. ఎండకి చల్లగా ఉంటుంది. ఏటా వానలకి ముందు చౌడు వేసుకుంటే మామూలు వానకి ఆగుతుంది. నీళ్లల్లో రెండు రోజులు నానితే గోడ కూర్చుంటుంది, మిద్దె మొత్తం మనుషుల మీదికి వస్తుంది. అందుకని అందరూ స్లాబ్ కావాలంటారు. బృందాల దగ్గర డబ్బు తక్కువ, ఇళ్లు ఎక్కువ చూపించాలి. అందుకని రేకులేస్తారు. మేము పనిచేసిన చోట ఒక పెద్దావిడ మా మొహాన్నే అంది: "రేకులిల్లు ఎండాకాలం పెనం నాయనా, దాంట్లో కాపురం ఎట్ల జేయాల?" ఆవిడకి టీ పోసిచ్చే ఓపిక లేదు, మేము అడగనూ లేదు. ఆవిడ అడిగింది న్యాయమైన డిజైన్ ప్రశ్న. మా పక్షాన దానికి జవాబు చెప్పే అధికారం ఉన్నవాళ్లెవరూ అక్కడ లేరు. ప్లాను వేరే ఊళ్లో గీశారు. వరసగా, గీత గీసినట్టు ఇళ్లు. అరుగు లేదు. గొర్రెలు కట్టేసుకునే చోటు లేదు. ఎండిన వామికి జాగా లేదు.

మంచి మనసుంటే ఇల్లు దానంతటదే మంచిగా వస్తుందనుకునేవాళ్లకి న్యూ ఆర్లియన్స్ ఉదాహరణ ఉంది. కత్రినా తర్వాత బ్రాడ్ పిట్ స్థాపించిన మేక్ ఇట్ రైట్ సంస్థ పేరున్న ఆర్కిటెక్టులతో 109 ఇళ్లు కట్టించింది. కొన్నేళ్లకే కారడాలు, కుళ్లిన చెక్క. 2018లో ఇళ్లవాళ్లు కోర్టుకెక్కారు. తీరా వాన చిత్తశుద్ధిని చూసి ఆగదు కదా.

ఇంకో లెక్క. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా వేలమంది వలస పోతారు. బెంగళూరు, హైదరాబాదుల్లో బేల్దారి పని చేసేవాళ్లలో వాళ్లు చాలామంది. నేనిప్పుడు అద్దెకుంటున్న అపార్టుమెంటు గోడలు అలాంటి చేతులు లేపినవే అయ్యుంటాయి. అంటే పని తెలిసిన సీమ మేస్త్రీ నగరంలో నాకు ఇల్లు కడుతుంటే, పని తెలియని నేను బస్సెక్కి సీమకెళ్లి అతని ఊళ్లో వంకర గోడ కడతాను. తర్వాత దాని మీద వ్యాసం రాస్తాను. మా బస్సు కిరాయి, భోజనాలు, టోపీలు, బ్యానర్ల ఖర్చుతో ఊళ్లోనే పదిమందికి రోజుకూలీ ఇస్తే గోడ నిటారుగా వచ్చేది, ఆ పదిళ్లల్లో పొయ్యి కూడా వెలిగేది. వెళ్లొద్దని నేననటం లేదు. బురద తీసే మొదటి వారం చేతులెన్నున్నా చాలవు. కానీ తట్టాబుట్టా మొయ్యడానికి, ఇల్లు కట్టడానికి తేడా తెలియాలి. రెండోదానికి కావలసింది కూలి డబ్బు, మంచి సిమెంటు, అడిగితే జవాబు చెప్పే మనిషి.

ఇదంతా సాధ్యం కాని పని కాదు. పక్కనే అనంతపురంలో 1969 నుంచి ఆర్డీటీ ఉంది. స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ ఒకప్పుడు జెస్యూట్. వాళ్లు కట్టించే ఇళ్లు ఆడవాళ్ల పేరున రిజిస్టరవుతాయి. ఈ ఒక్క నిర్ణయం వెయ్యి సాక్ష్యాలకన్నా ఎక్కువ. మొగుడు తాగొచ్చి బయటికి పొమ్మంటే, ఎవరు పోవాలో పట్టా చెప్తుంది.

చివరిగా సాహిత్యం గురించి. కరువు మీద సీమ రచయితలకున్నంత పట్టు ఇంకెవరికీ లేదు. వరదొస్తే కవిత్వానికి కొదవ ఉండదు. కూలిన ఇంటి మీద మనం బాగా రాస్తాం. తిరిగి కట్టిన ఇంటి మీద, నేను చదివినంతలో, దాదాపు ఏమీ లేదు. లిస్టులో పేరెక్కించుకోవడం, ఇంజనీరు కొలతలు, రెండో బిల్లుకోసం తిరగడం, స్లాబ్ వేసేరోజు వండిన అన్నం, గృహప్రవేశానికి పిలవని దాత, పిలవకుండా వచ్చిన ఎమ్మెల్యే. ఇందులో ఉన్నన్ని కథలు బురదలో లేవు. పెద్ద విషాదం కోసం చూసే కంటికి బిల్లు కాగితం చిన్నదిగా కనిపిస్తుంది. ఇల్లు కోల్పోయినవాడి జీవితంలో తర్వాతి మూడేళ్లూ ఆ కాగితమే.

కాబట్టి ఈసారి ఎవరైనా అలాంటి బృందంతో వెళ్లొచ్చి ఈ పత్రికకి వ్యాసం పంపదలిస్తే, నాదొక మనవి. ఒక ఏడాది ఆగండి. మళ్లీ ఆ ఊరికి వెళ్లండి, టీషర్టు లేకుండా. శిలాఫలకం మీద ఎవరి పేరుందో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, దాని గురించి రాయక్కర్లేదు. పట్టా మీద ఎవరి పేరుంది, ప్లాను ఎవరిని అడిగి గీశారు, మొన్నటి వానకి కారిందా, కారితే ఎవరికి చెప్పుకోవాలి, ఇవి కనుక్కుని రాయండి. మీరేం పొందారన్నది తర్వాత చూద్దాం.