చాటువు, ఫార్వర్డు: తెలుగు బోధనలో సామాజిక మాధ్యమాల ప్రశ్న

శ్రీనాథుని అంత్యదశ గురించి తెలుగు చదివిన ప్రతి విద్యార్థికీ ఒక కథ తెలుసు. బొడ్డుపల్లెను గుత్తకు తీసుకున్నాడు, కృష్ణకు వరద వచ్చి పంట పోయింది, ఏడు వందల టంకాల శిస్తు చెల్లించలేక నలుగురి ఎదుట శిక్ష అనుభవించాడు. ఈ కథకు ఆధారం శాసనం కాదు, కావ్యావతారిక కాదు. కవి పేరు మీద లోకంలో తిరిగిన చాటుపద్యాలు. వాటిని జీవితచరిత్రకు సాక్ష్యంగా ఎంతవరకు స్వీకరించవచ్చు అన్నది సాహిత్య చరిత్రలో పాత చర్చే. తరగతిలో చెప్పదగిన, చెప్పవలసిన చర్చ కూడా. కాని నేడు విజయవాడలోనో బందరులోనో డిగ్రీ చదివే విద్యార్థికి ఈ విషయం చేరే తీరు వేరు. పరీక్షలకు వారం ముందు తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ వస్తుంది. అందులో, కవి తన కావ్యాలలో స్వయంగా చెప్పుకున్న తల్లిదండ్రుల పేర్ల పక్కనే, అంతే నిశ్చయంతో బొడ్డుపల్లె కథ ఉంటుంది. ఎవరు రాశారో, ఏ గ్రంథం నుంచి గ్రహించారో ఉండదు. అధ్యాపకుడు పంపాడు కనుక అదే పాఠం. విద్యార్థులు బొటనవేలి గుర్తు పెట్టి ముట్టినట్టు తెలుపుతారు. అక్షరం రానివారు వేలిముద్ర వేసే రోజులు పోయి, సాహిత్య విద్యార్థులు వేలిముద్ర వేసే రోజులు వచ్చాయి.

బోధనలో సామాజిక మాధ్యమాల వినియోగంపై తెలుగు శాఖల సదస్సులలో వస్తున్న పత్రాలు ఎక్కువగా రెండు మూసల్లో ఒదుగుతాయి. మొదటి మూసలో యూట్యూబు, ఫేస్‌బుక్, వాట్సాప్‌ల పేర్లు వరుసగా పేర్కొని, వీటివల్ల తెలుగు విశ్వవ్యాప్తమైందని హర్షిస్తారు. రెండవ మూసలో ఫోను యువతరాన్ని పుస్తకానికి దూరం చేసిందని విలపిస్తారు. హర్షానికీ విలాపానికీ ఉన్న లోపం ఒకటే: మాధ్యమాలన్నిటినీ ఒకే వస్తువుగా చూడడం. పాఠం ఎవరిది, మూలం ఏది, తప్పును ఎవరు ఎక్కడ దిద్దాలి అన్న ప్రశ్నలు లేకుండా తెలుగు శాఖకు ఉనికి లేదు. ఈ ప్రశ్నలు అడగనివ్వని మాధ్యమాన్ని శాఖలు తరగతిగదికి బదులుగా నిలబెట్టుకున్నాయి. అడగక తప్పని మాధ్యమాన్ని, అది విజయవాడ నడిబొడ్డుకే వచ్చినా, పాఠ్యప్రణాళిక గడప దాటనివ్వలేదు. అభ్యంతరం ఫోను మీద కాదు, ఈ ఎంపిక మీద.

గ్రూపులు పుట్టిన సందర్భాన్ని తక్కువ చేయనక్కరలేదు. 2020 మార్చిలో కళాశాలలు మూతపడినప్పుడు నాగాయలంక, కోడూరు వంటి దివిసీమ ఊళ్లకు తిరిగి వెళ్లిన విద్యార్థికి వీడియో పాఠం అందడం కష్టం. సిగ్నలు నిలవదు, ఇంటికి ఒకే ఫోను ఉన్నచోట అది పగలంతా తండ్రితో పొలంలోనో చెరువుగట్టునో ఉంటుంది. రాత్రి ఇల్లు చేరిన ఫోనులో చదువుకోగలిగినది వాట్సాప్ సందేశమే. నాటి అధ్యాపకులు ఆ దారిని ఎంచుకోవడం వివేకమే. తప్పు తర్వాత జరిగింది. కళాశాలలు తెరుచుకున్నాయి, గ్రంథాలయాలు తెరుచుకున్నాయి, ఆపద్ధర్మం మాత్రం నిత్యధర్మమై కూర్చుంది. పద్యాన్ని ఎత్తుకొని, అన్వయం చెప్పి, పాఠాంతరం చూపి, విద్యార్థి చేత చదివించే గంట స్థానంలో సిద్ధాన్నం వంటి నోట్సు వచ్చింది. ఏలూరు రోడ్డు దుకాణాలలో గైడు కొనుక్కునే విద్యార్థిని ఒకప్పుడు మందలించిన శాఖలే ఇప్పుడు గైడును ఉచితంగా పంచుతున్నాయి. గైడుకు కనీసం ప్రచురణకర్త పేరైనా ఉండేది.

ఫార్వర్డు చేయడం ఎంత బాధ్యతలేని పనో ఆ సంస్థకే తెలుసు. వదంతులు నమ్మిన మూకలు మనుషులను చంపిన తర్వాత, 2018లో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా కట్టడి చేసింది. పదే పదే చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో ఆ కట్టడిని ఇంకా బిగించింది. సొంత వ్యాపారాన్ని తగ్గించుకునైనా ఒక కంపెనీ అదుపు చేయాలనుకున్న చర్యను, పాఠ పరిష్కరణ నేర్పవలసిన శాఖలు బోధనగా పరిగణించడం విడ్డూరం.

ఇక్కడ ఒక పూర్వపక్షం ఉంది, అది బలమైనది. చాటువు కూడా ఫార్వర్డే కదా? కర్త ఎవరో తేలని పద్యం నోటి నుంచి నోటికి, ఊరి నుంచి ఊరికి సాగి, చివరకు శ్రీనాథుని పేరో తెనాలి రామలింగని పేరో తగిలించుకుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో వెలువరించిన 'ఎ పొయెమ్ ఎట్ ది రైట్ మొమెంట్' గ్రంథంలో చాటువుల కర్తృత్వాన్ని చారిత్రక సత్యంగా కాక, ఒక పాఠక సమాజం తన కవుల గురించి చేసుకున్న సాహిత్య విమర్శగా చదవాలని చూపించారు. అలాగైతే వాట్సాప్‌లో తిరిగే పద్యం ఆ సంప్రదాయానికే నేటి రూపం అనవచ్చు; అని సంతోషించేవారూ ఉన్నారు.

ఈ వాదం చాటువు తిరిగిన దారిని చూసింది, తిరిగేందుకు అది చెల్లించిన సుంకాన్ని చూడలేదు. చాటువు ఒకరి నుంచి ఇంకొకరికి చేరాలంటే నడుమ ఒక ధారణ ఉండాలి. చెప్పేవానికి పద్యం కంఠస్థం కావాలి. యతి తప్పితే వినేవాడు పట్టుకుంటాడు. సందర్భం తెలియకపోతే పద్యం పేలదు. పాఠాంతరాలు పుట్టింది కూడా అక్కడే. ఒకరి జ్ఞాపకం మరొకరి అభిరుచితో కలిసినచోట పదం మారింది. అందువల్ల చాటువులోని ప్రతి మార్పూ ఒక పాఠకుని ఆనవాలు. ఫార్వర్డుకు ధారణ అక్కరలేదు, చదవడమైనా అక్కరలేదు. అది వందసార్లు చేతులు మారినా ఒక్క పాఠాంతరం పుట్టదు. మొదటి అచ్చుతప్పు చివరిదాకా చెక్కుచెదరకుండా వస్తుంది. నారాయణరావు, షుల్మన్ చెప్పిన పాఠక సమాజం ఫార్వర్డులో లేదు. ఉన్నది గ్రహీతల జాబితా.

పైగా, చాటువులు నోటిమాటగా తిరిగాయన్న కారణంతో పండితులు వాటిని అలాగే వదిలేయలేదు. కృష్ణా డెల్టాలోని పెదకళ్లేపల్లిలో 1888లో పుట్టి, బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి వద్ద చదివిన వేటూరి ప్రభాకరశాస్త్రి చేసిన పని ఇక్కడ ప్రమాణం. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో పనిచేసిన ఆయన తాళపత్రాలలో చెదరి ఉన్నవాటినీ జనం నోట ఉన్నవాటినీ 'చాటుపద్య మణిమంజరి'గా కూర్చారు. ఆయనే 'శృంగార శ్రీనాథము' రాసి కవి జీవితాన్ని పునర్నిర్మించారు. అందులో చాటువులకు ఇచ్చిన విలువతో ఎవరైనా విభేదించవచ్చు. విభేదించగలగడమే ముఖ్యం. పుస్తకం ఉంది, పుట ఉంది, బాధ్యత వహించిన పేరు ఉంది. గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌తో విభేదించాలంటే ఎవరితో విభేదించాలి? అందరి ఎదుట అధ్యాపకునికి ఎదురు చెప్పే సాహసం చేసినా, ఆ మాట సాయంత్రానికి సెలవు ప్రకటనల కింద పూడిపోతుంది. మరుసటి ఏడాది వచ్చే విద్యార్థులకు అది కనిపించదు. తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ మధ్య వివాదాన్ని లోకమంతా చూసింది. సాహిత్య వివాదం బహిరంగంగా జరగవలసిన పని అని ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

బహిరంగ మాధ్యమం లేకపోలేదు. 2014 ఫిబ్రవరిలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు విజయవాడ కె.బి.ఎన్. కళాశాలలో జరిగాయి. ఆ తర్వాత ఆంధ్ర లొయోల కళాశాల విద్యార్థులు తెలుగు వికీపీడియాలోనూ వికీసోర్సులోనూ పనిచేశారు. ఆ పనికీ గ్రూపుకూ తేడా స్వభావంలోనే ఉంది. వికీసోర్సులో పాత పుస్తకపు పుట బొమ్మ ఒక పక్క, టైపు చేసిన పాఠం మరో పక్క ఉంటాయి. దిద్దని పుట ఎరుపు. ఒకరు దిద్దితే పసుపు. వేరొకరు మళ్లీ సరిచూస్తేనే ఆకుపచ్చ. దిద్దినవారే ఆమోదించడానికి వీలులేదు. ప్రతి మార్పూ చేసినవారి పేరుతో, వేళతో చరిత్రలో నిలుస్తుంది. అక్కడ విద్యార్థి అరసున్నాను గమనించక తప్పదు, బండి రను గుర్తుపట్టక తప్పదు. పరిష్కరణ శాస్త్రంపై ఎం.ఏ. విద్యార్థికి ఇచ్చే ఉపన్యాసం మొత్తం ఆ ఒక్క పుటలో అభ్యాసంగా దొరుకుతుంది.

వికీపీడియాలో తప్పులున్నాయన్న ఆక్షేపణ సహజం. ఉన్నాయి, తెలుగులో మరీ ఉన్నాయి. అయితే అవి కనిపించే తప్పులు, మూలం అడగగలిగిన తప్పులు, దిద్దితే నిలిచే తప్పులు. పండితులు వాటిని చూసి నవ్వి ఊరుకోవడం వల్లనే అవి అలాగే ఉన్నాయి. ఆ ఉత్సవాలు జరిగిన ఊళ్లోనే తెలుగు శాఖలు ఆ పనిని ఔత్సాహికుల సరదాగా లెక్కగట్టడాన్ని ఉపేక్ష అనడం కూడా మెత్తని మాటే.

లిపి విషయం వేరే వ్యాసం కోరుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. అయినా శాఖల ప్రశ్నపత్రాలు, నోట్సులు, పరిశోధన పత్రికలు సైతం ఇంకా అను ఖతులలో కూర్పు అవుతూ, వెతికితే దొరకని బొమ్మలై తిరుగుతున్నాయి. తెలుగు గ్రూపులో తెలుగు విద్యార్థి ఇంగ్లీషు అక్షరాలలో సందేహం అడగడం, తెలుగు అధ్యాపకుడు అదే లిపిలో బదులివ్వడం ఎవరినీ నొప్పించడం లేదు.

గ్రూపులో చేరిన విద్యార్థిని ఫోను నంబరు సభ్యులందరికీ కనిపిస్తుందన్న సంగతి మరుగున పడరానిది. చేరకపోతే నోట్సు రాదు. చేరితే నంబరు దాగదు. ఇందులో ఆమె సమ్మతికి తావెక్కడ? 2019 జూలైలో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ, ప్రతి ఉన్నత విద్యాసంస్థా 'సోషల్ మీడియా ఛాంపియన్'ను నియమించి విద్యార్థుల ఖాతాలను సంస్థ ఖాతాతోనూ మంత్రిత్వ శాఖ ఖాతాతోనూ కలపాలని లేఖ రాసింది. విమర్శ రాగా అది తప్పనిసరి కాదని వివరణ ఇచ్చింది. ఆ లేఖకు విద్యార్థి ఒక ప్రచార సాధనం, గ్రూపుకు ఒక నంబరు. రెంటిలోనూ విద్యార్థి పాఠకుడు కాడు.

అధ్యాపకులను మాత్రమే నిందిస్తే అన్యాయం. 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఈ-కంటెంట్ తయారీకి, మూక్ పాఠాలకు అంకాలున్నాయి. వంద పుటల పాత గ్రంథాన్ని విద్యార్థుల చేత వికీసోర్సులో దిద్దించినందుకు పేరుపెట్టి ఒక్క అంకం లేదు. లెక్కకురాని పనిని ఎవరూ చేయరన్నది లోకరీతి. అయితే అంతర్గత మూల్యాంకనం మార్కులు శాఖల చేతిలోనే ఉన్నాయి; వాటికి ఢిల్లీ అనుమతి అక్కరలేదు. ప్రభాకరశాస్త్రి, చెళ్లపిళ్ల ఇద్దరూ 1950లో కన్నుమూశారు. రచయిత మరణించిన ఏడాది ముగిసిన తర్వాత 60 ఏళ్ల కాపీరైటు గడువు లెక్కపెడితే, వారి జీవితకాలంలో అచ్చయిన రచనలు 2011 నుంచి అందరివీ. ఒక తరగతిలోని ముప్పై మందికి శ్రీనాథుని పేరున్న ముప్పై చాటువులు పంచి, ప్రతి ఒక్కరూ తమ పద్యం ఏ సంకలనంలో ఏ పుటలో ఉందో, ఏ పాఠాంతరాలతో ఉందో, దాన్ని శ్రీనాథునిదని మొదట అన్నది ఎవరో వెతికి బహిరంగంగా నమోదు చేయాలని నియమించవచ్చు. పది మందికి ఏమీ దొరకదు. దొరకలేదన్న సంగతే అక్కడ నమోదవుతుంది. బొడ్డుపల్లె పద్యం వచ్చిన విద్యార్థికి అందరికంటే ఎక్కువ పని పడుతుంది. వచ్చే ఏడాది తరగతి ఆ విద్యార్థి ఆపినచోట మొదలవుతుంది.