వినుట నేర్పని బడి

మన పాఠశాలలలో నల్లబల్లపై నొక మూల ప్రతిదినమును వెలయు గ్రంథ మొకటి కలదు. దాని పేరు ‘మాటలాడినవారు’. ఉపాధ్యాయుఁడు గది విడిచినంతనే తరగతి నాయకుఁడు సుద్దముక్క చేతఁబట్టి పెదవి కదిపిన ప్రతివాని పేరును వ్రాయును. మఱల కదిపినచో పేరు ప్రక్కన నొక గుణకారపు గుర్తు పెట్టును. ఇరువది సంవత్సరములుగా నే నీ గ్రంథమును చదువుచున్నాను. ‘విన్నవారు’ అను శీర్షిక క్రింద నొక్క పేరైనను వ్రాయఁబడుట చూడలేదు. నేను వ్రాయింపను లేదు.

నోరు మూసికొనుటయే వినుట యని మనవారి సిద్ధాంతము. ఇది శుద్ధాబద్ధము. గోడయు నోరు మూసికొనియే యున్నది. తరగతి యంతయు నిశ్శబ్దముగా నున్న వేళ పాఠమును నడుమ నాపి, ‘ఇప్పుడు నీ ప్రక్కవాఁడు చెప్పిన దేమి?’ యని యొక బాలు నడిగి చూడుఁడు. వాఁడు ప్రక్కవాని వంక చూచును, పిదప మీ వంక చూచును. వాని కేల తెలియును? ఉపాధ్యాయుఁడు చెప్పినదే పరీక్షకు వచ్చును గాని, ప్రక్కవాఁడు చెప్పినది రాదు గదా!

దీనికి విరుగుడుగా మఱికొందఱు వక్తృత్వపు పోటీలు పెట్టుచున్నారు. ఎవ్వరో వ్రాసి యిచ్చిన యుపన్యాసమును బాలుఁడు కంఠస్థము చేసి, గంట మ్రోగువఱకు చేతులూపుచు నొప్పగించును. ప్రతిపక్షి యేమి చెప్పినను వీని యుపన్యాసములో నక్షరము మాఱదు. బహుమానము కంఠమునకే కాని చెవికిచ్చిన సభ లేదు. ఇట్లు పెరిగినవారే సాయంకాలమున టెలివిజను చర్చలలో నలుగురు నొక్కసారిగా నఱచుచుండఁగా, మనము ఇంటఁ గూర్చుండి నవ్వుచున్నాము. వారికి చదువు చెప్పినవారము మనమే యను సంగతి యప్పుడు జ్ఞప్తికి రాదు.

ఇదంతయు పాశ్చాత్యుల వింత యనియు, మన పిల్లలకు పెద్దలయెడ వినయమే చాలుననియు నొక వాదము కలదు. సంస్కృతమును పూజామందిరమున నుంచి తెఱచి చూడనివారి వాదమిది. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూఁడు తెఱఁగుల విభజించినవి. తత్త్వము తెలియుటకై చేయునది వాదము. గెలుపు కోరి చేయునది జల్పము. తనకు పక్షమే లేక యెదుటివానిని ఖండించుటయే పనిగాఁ బెట్టుకొన్నది వితండ. ఓటమిని తెచ్చు నిగ్రహస్థానములు 22 అని చెప్పి, వానిలో నననుభాషణమను దాని నొకటిగా లెక్కించిరి. సభకు తెలియునట్లు ముమ్మాఱు చెప్పఁబడిన మాటను తిరిగి చెప్పలేకపోవుటయే యది. అనఁగా, ఎదుటివాఁ డేమనెనో చెప్పలేనివాఁడు బదులు చెప్పకమునుపే యోడిపోయెను! బృహదారణ్యకములో జనకుని సభయందు గార్గి రెండవమాఱు ప్రశ్నింపఁ బూనినపుడు సభవారి యనుమతి గైకొనియే ప్రశ్నించినది. మొదటిమాఱు తల పడిపోవునని హెచ్చరించి యాజ్ఞవల్క్యుఁ డామె నూరకుండఁ జేసెను. మన యుపాధ్యాయులు ఆ కథలో నీ భాగమును మాత్రము మిక్కిలి శ్రద్ధతో నేర్చికొన్నట్లున్నారు. అంతదూర మేల? అష్టావధానమును చూడుఁడు. పృచ్ఛకు లెనమండుగురు; అప్రస్తుతప్రసంగము చేయువాఁ డొక్కఁడే. మన సభలలో నెనమండుగురును అప్రస్తుతప్రసంగులే, అవధాని లేఁడు.

పరులను నిందించి నా దోషమును దాఁచుట తగదు. కొన్నియేండ్ల క్రిందట, మంచి వర్షములు కురిసినను ఊరి చెఱువేల నిండలేదని తరగతిలో చర్చ పెట్టితిని. ముందువరుసవారు పుస్తకములోని కారణములను వల్లించిరి. కడపటి వరుసనుండి నీరుగంటి కొడుకు లేచి, ‘సారూ, వంక కాడ కాలవ పూడిపోయిండాది’ అని మొదలుపెట్టెను. తరగతి ఘొల్లున నవ్వెను. నేను నవ్వలేదు, అంతకంటె నీచమైన పని చేసితిని. ‘పూడిపోయినది, అనవలెను’ అని దిద్దితిని. వాఁడు ‘పూడిపోయినది’ అని కూర్చుండెను. తరువాత నేమి చెప్పఁబోయెనో చెప్పలేదు. ఆ యేఁడంతయు మఱల లేవలేదు. ఆ కాలువ యెచ్చట పూడినదో యెఱిఁగినవాఁ డా గదిలో వాఁ డొక్కఁడే. వాని భాషను వింటిని. వాని మాటను వినకపోతిని.

నాఁటినుండి నా తరగతిలో గౌతముని నియమమును కొంచెము సడలించి నడపుచున్నాను. మాటలాడఁ దలఁచినవాఁడు, తనకు ముందు మాటలాడినవాని యభిప్రాయమును తన మాటలలోఁ జెప్పవలెను. ఆతఁడు ‘ఔను, నే నన్నది యిదియే’ యన్న పిమ్మటనే తన మాట యెత్తవలెను. ఒకసారి మాటలాడినవాఁడు వేఱు ముగ్గురు మాటలాడువఱకు నాఁగవలెను. ఎవ్వని యాసనైనను దిద్దరాదు. నాకును దిద్దు నధికారము లేదు. మొదటి నెల చర్చ నత్తనడక నడచినది. ముందువరుసవారు నాపై నలిగిరి. వారికి పరుల మాట తిరిగి చెప్పుట గుణకారముకంటెఁ గష్టముగాఁ దోఁచినది. కడపటివరుసవారు సులభముగాఁ జెప్పిరి. ఏండ్లతరబడి యితరుల మాటలను వినుచు వచ్చినవారు వారే గదా!

ఉపాధ్యాయుని కిందు వేఱొక శిక్షయు కలదు. ప్రశ్న వేసిన పిదప మనము ప్రత్యుత్తరమునకై యించుమించుగా నొక్క సెకండు మాత్రమే నిలుచుచున్నామనియు, మూఁడు సెకండులు నిలిచినచో పిల్లలు దీర్ఘముగను, ఎక్కువమందియు మాటలాడుదురనియు అమెరికాలో మేరీ బడ్ రో యను విద్యావేత్త 1970ల దశాబ్దమునందు ప్రకటించెను. మూఁడు సెకండు లూరకుండుట యెంత కష్టమో ప్రయత్నించినవారికే తెలియును. బాలుఁడు భయములేక తన యభిప్రాయమును చెప్పుటకు తోడ్పడవలెనని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 29వ సెక్షనులోఁ గలదు. పిల్లవాఁడు చెప్పవచ్చును, సరే, వినువాఁ డెవ్వఁడు?

పాఠ్యప్రణాళిక ముగియదందురా? ఇప్పుడు మాత్రము ముగియుచున్నదా? వారమునకొక గంట చాలును.

ఈ ప్రతిపాదనమును మొన్న నుపాధ్యాయుల సభలోఁ జెప్పఁబోతిని. రెండవ వాక్యము ముగియక మునుపే ముగ్గురు లేచి దానిని ఖండించిరి. ‘అయ్యలారా, నేనేమంటినని మీరు ఖండించుచున్నారు?’ అని వినయముగా నడిగితిని. ముగ్గురును మూఁడు వేఱువేఱు ప్రతిపాదనములు చెప్పిరి. వానిలో నొకటియు నాది కాదు.