మలుపు తిరిగాక ఏ సాలు?

ప్రత్తిపాడు నుంచి పర్చూరు దాకా ఎటు వెళ్లినా పత్తి, మిరప చేలే. ఆ నల్లరేగడిలో ఎద్దులతో గుంటక తోలే రైతును ఎప్పుడైనా గమనించారా? మూతులకు చిక్కాలు కట్టిన ఎద్దులు సాలు చివరికి రాగానే, రైతు అదిలిస్తే చాలు... సరిగ్గా పక్క సాల్లోకే తిరుగుతాయి. మొక్కను తొక్కవు.

ఎద్దుకు తెలిసిన ఈ విద్యే ఇప్పుడు వ్యవసాయ రోబోలు తయారుచేసే ఇంజినీర్లకు పెద్ద పరీక్ష. కలుపు తీసే మరను చేలో దించడం తేలికే. 'నేనెక్కడున్నాను?' అన్నది దానికి తెలియడమే కష్టం.

సెల్‌ఫోన్‌లోని జీపీఎస్ నాలుగైదు మీటర్లు తేడా చూపిస్తుంది. ఊరికి దారి వెతుక్కోవడానికి ఫరవాలేదు. కానీ పత్తి సాళ్ల మధ్య ఎడం మూడు నాలుగడుగులే, మిరపలో ఇంకా తక్కువ! పోనీ, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడదామంటే వానకు తడిసిన రేగడి ముద్దలుగా అంటుకుని లెక్క తప్పిస్తుంది. కెమెరాతో చూద్దామా అంటే, లేతమొక్కలప్పుడు నల్లమట్టి మీద పచ్చగీతలా స్పష్టంగానే కనిపిస్తుంది. కొమ్మలు కలిశాక సాలే కనపడదు. పైగా అన్ని సాళ్లూ ఒకేలా ఉంటాయాయె.

అందుకే ఏ ఒక్కదాన్నీ నమ్మకుండా అన్నిటినీ కలిపి సరిచూసుకోవడం నేర్పుతున్నారు. తన స్థానం కచ్చితంగా తెలిసిన నేలమీది కేంద్రం ఒకటి ఉపగ్రహ సంకేతాల్లోని తప్పును దిద్దితే, తేడా రెండు మూడు సెంటీమీటర్లకు దిగుతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో పొలాల హద్దులు కొలవడానికి ఇలాంటి కేంద్రాలనే వాడారు. హద్దు చూపిన సంకేతం సాలునూ చూపగలదు.

మన పెద్దలు ముందే చేసిన మేలు మరొకటుంది. అచ్చు తోలి, నిలువు గీతా అడ్డ గీతా కలిసినచోట మొక్క నాటడం. అలా వరస తప్పని చేలో మరకు ప్రతి మొక్కా ఓ ఆనవాలే.

కలుపుకు కూలీలు దొరకని రోజులివి. మర వస్తే సంతోషమే. కానీ అది జానెడు పక్కకు జరిగితే తెగేది కలుపు కాదు, కౌలు కట్టి, అప్పు తెచ్చి నాటిన మొక్క. కాబట్టి అమ్మేవాళ్లు ఎవరైనా వస్తే దాని వేగం, ధర తర్వాత అడగండి. ముందు మీ చేలోనే నడిపించి, చివర మలుపు తిరిగాక ఏ సాల్లోకి వస్తుందో చూడండి.

ఎద్దు తప్పలేదు మరి!