రాయి ఎలా వచ్చిందండీ?



ఇటీవల మేము ఒక గ్రామములో కుటుంబ ప్రార్థనకు వెళ్లినప్పుడు ఒక సహోదరి తన స్కానింగు కాగితము తెచ్చి మా చేతిలో పెట్టింది. రాత్రి భోజనమైన తరువాత కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పి లేచి కుడి భుజము వరకు పాకేదట. గ్యాస్ అనుకొని ఆరు నెలలు బిళ్లలు మ్రింగింది. చివరకు పిత్తాశయములో రాయి ఉన్నదని తేలింది. "అయ్యగారూ, మా ఇంట్లో నూనె, మాంసము వాడేదే తక్కువ. నాకు రాయి ఎలా వచ్చిందండీ?" అని కన్నీళ్లు పెట్టుకొంది. ఈ ప్రశ్న అనేక కుటుంబాలలో ఉన్నదే గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

కాలేయము పైత్యరసమును తయారుచేయును. భోజనానికీ భోజనానికీ మధ్య అది నిలువయుండే చిన్న సంచియే పిత్తాశయము. పైత్యరసములో కొలెస్ట్రాలు ఉంటుంది. అది నీటిలో కరగదు. పైత్య లవణములు, లెసిథిన్ అను పదార్థము కలిసి దానిని కరిగించి ఉంచుతాయి. వాటి శక్తికి మించి కొలెస్ట్రాలు చేరితే, ముదిరిన పాకము చల్లారి పలుకులు కట్టినట్లు కట్టి, క్రమేణా రాళ్లవుతుంది.

ఆ కొలెస్ట్రాలు వచ్చే దారులు రెండు. ఒకటి, శరీరము స్వయముగా తయారుచేసుకొనేది. రెండవది, చిన్నప్రేగు పీల్చుకొనేది. ప్రేగులోనికి తిండితో వచ్చే దానికంటె పైత్యరసముతో దిగివచ్చేదే ఎక్కువ. అందులో సుమారు సగము మరల ఒంటిలోనికి చేరుతుంది. దానిని లోనికి తీసుకొనే తలుపు వంటి ప్రొటీనును 2004లో గుర్తించారు. ఎజెటిమైబ్ అను మందు ఆ తలుపును మూస్తుంది. ఎలుకలకు ఈ మందు ఇచ్చినప్పుడు రాళ్లు కట్టడము ఆగింది. కాని మనుష్యులలో సంగతి అంత సులువు కాదు. రాళ్లున్న వారిలో అనేకుల ప్రేగు తక్కువే పీల్చుకొంటుంది, శరీరమే ఎక్కువ తయారుచేస్తుంది. కొలెస్ట్రాలును పైత్యములోనికి తోసే ఒక జన్యువులోని మార్పు రాళ్ల ముప్పును పెంచుతుందని 2007లో తెలిసింది. కాబట్టి "ఏమి తిన్నావో" అని ఆ తల్లిని నిందించుట న్యాయము కాదు.

స్త్రీలకు, గర్భిణులకు, స్థూలకాయులకు, మధుమేహము ఉన్నవారికి ఈ ముప్పు హెచ్చు. త్వరత్వరగా బరువు తగ్గినా, దినముల తరబడి ఏమీ తినకున్నా పైత్యము సంచిలోనే నిలిచి చిక్కబడుతుంది. దీర్ఘ ఉపవాసములు చేసేవారు దీనిని గమనించవలెను.

మూత్రపిండములోని రాయి వేరు, ఇది వేరు. నీళ్లు ఎక్కువ త్రాగినా, ఉలవల కషాయము పుచ్చుకొన్నా ఇది మూత్రములో పోదు. బాధపెట్టని రాళ్లకు సాధారణముగా ఆపరేషను అక్కరలేదు. నొప్పి మాటిమాటికీ వస్తే పిత్తాశయమును తీసివేస్తారు. అది లేకున్నను పైత్యరసము నేరుగా ప్రేగులోనికి చేరును గనుక మనిషి మామూలుగానే జీవించగలడు. నొప్పితోపాటు చలిజ్వరము గాని, కళ్లు పచ్చబడుట గాని కనబడితే పసరు మందుల కోసము తిరుగక ఆ దినమే ఆసుపత్రికి వెళ్లవలెను.

ఇదంతా విన్న తరువాత ఆ సహోదరి, "అయితే నా తప్పేమీ లేదన్నమాట" అని నిట్టూర్చింది. వరి కోతలు అయ్యేవరకు ఆగుదామన్న ఆమె భర్త, ఆ వారమే ఆమెను డాక్టరుగారి యొద్దకు తీసుకొని వెళ్లాడు. మీ ఇంటిలోనూ ఎవరైనా ఇటువంటి నొప్పిని గ్యాస్ అని ఓర్చుకొనుచున్నారేమో, ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట అడగండి.